కొత్త రైడ్ ఏదొస్తుంది? బెంచీ మీద ఎవరున్నారో చూడండి

(చెన్నైలో తెలుగు కుటుంబాల ఆదివారపు కలయికలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు. ఈ విషయం ఎంచుకున్నది పిల్లలే. తిరుప్పోరూర్ దగ్గర వండర్‌లా అనే అమ్యూజ్‌మెంట్ పార్కు తెరిచినప్పటి నుంచి వీళ్ళ మధ్య ఒకటే చర్చ: పార్కుని పెంచితే తర్వాత ఏం పెడతారు? ఇంకో పెద్ద రోలర్ కోస్టరా? ఆకాశాన్నంటే టవరా? ప్రపంచంలోకెల్లా ఎత్తైనదేదో మన చెన్నైకే వస్తుందా? నా ఉద్యోగం కట్టడాల లెక్కలు చూడటం. రైడ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అందుకని మాట్లాడమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త రైడ్ ఏమొస్తుందో అంచనా వెయ్యాలంటే ముందు పార్కులోని బెంచీలు చూడండి. ఎవరు కూర్చుని ఉన్నారు? ఎవరి ఒళ్ళో నాలుగు సంచులు, పిల్లల కళ్ళజోళ్ళు, నీళ్ళ సీసాలు ఉన్నాయి? వాళ్ళు ఎక్కగలిగిన రైడ్ ఆ పార్కులో లేదన్నమాట. తర్వాత వచ్చేది చాలామటుకు వాళ్ళకోసమే వస్తుంది. రావాలి కూడా.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్క్ ఉంది. అక్కడి రంగులరాట్నం మీద కూతుళ్ళిద్దరూ తిరుగుతుంటే వాల్ట్ డిస్నీ బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవాడు. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే మొదలైందని తర్వాత ఆయనే చెప్పాడు. 1955 జులైలో డిస్నీలాండ్ తెరుచుకుంది. ఈరోజు మనం థీమ్ పార్క్ అంటున్నదానికి పునాది బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రి విసుగే.

చెన్నైలో దీనికి పాత చరిత్రే ఉంది. ఇక్కడున్న పెద్దలకు వీజీపీ గోల్డెన్ బీచ్ గుర్తుంటుంది. ఎంత నవ్వించినా కదలకుండా నిలబడే విగ్రహం మనిషిని చూడటానికే జనం వెళ్ళేవారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల బడిపిల్లలను బస్సులో తీసుకొచ్చారంటే వండలూరు జూ, వీజీపీ, మహాబలిపురం, ఇదే దారి. ఆ తర్వాత తాంబరం దగ్గర కిష్కింట, ముట్టుకాడు దగ్గర ఎంజీఎం, బెంగళూరు హైవే మీద చెంబరంబాక్కం వైపు క్వీన్స్‌ల్యాండ్. ఇక్కడ పెరిగిన తెలుగు పిల్లల వేసవి సెలవుల్లో ఈ పేర్లు లేని ఇల్లుండదు. వాటిమీద నాకు ఈరోజుకీ ప్రేమే.

కానీ 2025 డిసెంబర్‌లో వచ్చిన వండర్‌లా స్థాయి వేరు. 2000లో కొచ్చిలో మొదలై, 2005లో బెంగళూరు పక్కన బిడదిలో, 2016లో హైదరాబాద్ రావిర్యాలలో, 2024లో భువనేశ్వర్‌లో పార్కులు కట్టిన సంస్థ ఇక్కడ 64 ఎకరాల స్థలంలో, 600 కోట్లు దాటిన ఖర్చుతో కట్టింది. దాంట్లో తంజోరా అనే కోస్టర్ ఉంది. అది ఇన్వర్టెడ్ కోస్టర్, అంటే పట్టా మన తలమీద ఉంటుంది, కాళ్ళు గాల్లో వేలాడతాయి. చేసింది స్విట్జర్లాండ్‌కి చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్. ప్రపంచమంతటా అభిమానులు బీ అండ్ ఎం అంటారు. ఈ కంపెనీ చేసిన నైట్రో అనే కోస్టర్ ఖోపోలీలోని ఇమాజికాలో 2013 నుంచే ఉంది, కానీ వాళ్ళు చేసిన ఇన్వర్టెడ్ రకం మన దేశానికి ఇదే మొదటిది. ఆ రకాన్ని వాళ్ళు మొదట చేసింది 1992లో, షికాగో దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ పార్కు కోసం. ముప్పై మూడేళ్ళు పట్టింది మనదాకా రావడానికి. వచ్చింది, అదే గొప్ప.

ఇప్పుడు అంచనాల సంగతి. ఊహించడం వేరు, పుకారు పుట్టించడం వేరు. రైడ్ల అభిమానులు బాగా ముదిరిన దేశాల్లో వీళ్ళు ఎలా ఊహిస్తారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇంగ్లండ్‌లో స్టాఫోర్డ్‌షైర్ అనే పల్లెసీమలో ఆల్టన్ టవర్స్ అనే పార్కు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇబ్బంది కలగకుండా, అక్కడ ఏ కట్టడమూ చెట్ల చిటారు కొమ్మలకంటే పైకి కనిపించకూడదని నిబంధన. మరి పెద్ద కోస్టర్ ఎలా కడతారు? పైకి వెళ్ళలేనప్పుడు కిందకి వెళ్ళారు. రాతినేలను పేల్చి, లోయలాగా తవ్వి, అందులో 1994లో నెమెసిస్ అనే కోస్టర్ కట్టారు. అది కూడా బీ అండ్ ఎం వాళ్ళదే, తంజోరా లాంటి ఇన్వర్టెడ్డే. మలుపుల్లో కాళ్ళు రాళ్ళకు తగులుతాయేమో అనిపించేంత దగ్గరగా పోతుంది. ఎత్తు తక్కువే. అయినా ఈరోజుకీ ప్రపంచంలో గొప్ప కోస్టర్ల పేర్లు చెప్పమంటే దాని పేరు వస్తుంది. 1998లో అక్కడే ఆబ్లివియన్ వచ్చింది. దాంట్లో బండి దాదాపు నిట్టనిలువుగా నేలలోని చీకటి గుంతలోకి పడిపోతుంది. మళ్ళీ అదే కారణం, చెట్లు.

ఆ పార్కువాళ్ళు పెద్ద కొత్త రైడ్లకు 'సీక్రెట్ వెపన్' అని ఒక గుప్తనామం, దానికో నంబరు పెట్టేవారు. అభిమానులు ఏం చేసేవారు? స్థానిక ప్లానింగ్ ఆఫీసులో దాఖలైన డ్రాయింగులు తెచ్చుకుని చదివేవారు. అక్కడ ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. గుంత ఎంత లోతు, శబ్దం ఎంత, పునాదులు ఎక్కడెక్కడ. పునాదుల మధ్య దూరం చూసి బండి ఎక్కడ వేగంగా పోతుందో చెప్పేవారు. పట్టా ముక్కలు లారీలో దిగిన రోజున దాని వెన్నెముక గొట్టం గుండ్రంగా ఉందా పెట్టెలా ఉందా అని చూసి తయారు చేసిన కంపెనీ పేరు చెప్పేవారు. బీ అండ్ ఎం పట్టా వెన్నెముక పెట్టెలా చదరంగా ఉంటుంది, చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. నేను ఊహించడం అనేది దీన్ని. పదమూడేళ్ళ పిల్లవాడు కూర్చుని డ్రాయింగు చదివి, "ఇక్కడ ఎత్తు తగ్గింది కాబట్టి ఇక్కడ వేగం పెరుగుతుంది" అంటే వాడికి శక్తి నిత్యత్వ నియమం ఎవరూ బోధించనక్కర్లేదు.

మరి మన దగ్గర ఆ కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? దొరుకుతాయి, వెతకాలి. వండర్‌లా 2014 నుంచి షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ. మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పాలి, పెట్టుబడి ఎక్కడ పెడుతున్నారో వాటాదార్లకు వివరించాలి. ఆ కాగితాలన్నీ స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లలో అందరికీ ఉచితం. కొత్త రైడ్ పేరు అందులో ఉండకపోవచ్చు, డబ్బు ఉంటుంది. ఎంత డబ్బో తెలిస్తే ఏ రకం రైడో సగం తెలిసినట్టే. రెండోది, 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి. కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఆ దరఖాస్తులు కనిపిస్తాయి. మూడోది పన్నులు. 2018 జనవరిలో అమ్యూజ్‌మెంట్ పార్కుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తమిళనాడులో దానిమీద స్థానిక సంస్థల వినోదపు పన్ను ఉండేది. దానికి మినహాయింపు దొరికాకే చెన్నై పార్కు పనులు ఊపందుకున్నాయి. ఆ మినహాయింపు వార్త పేపర్లో ఒక మూలన వచ్చింది. నిజానికి తంజోరా గురించిన మొదటి వార్త అదే.

ఇక వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల బొమ్మల విషయం. పార్కు కంపెనీయే అధికారికంగా విడుదల చేసిన బొమ్మ అయినా సరే, అది వాగ్దానం కాదు. డిస్నీ కంపెనీ 1993లో వర్జీనియా రాష్ట్రంలో అమెరికా చరిత్ర మీద ఒక పార్కు కడతామని ప్రకటించింది. బొమ్మలు, మ్యాపులు అన్నీ చూపించింది. పాత యుద్ధభూముల పక్కన పార్కు ఏమిటని చరిత్రకారులూ స్థానికులూ ఎదురుతిరిగారు. ఏడాది తిరక్కుండానే ప్రాజెక్టు వదిలేసుకుంది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగితే, ఎవరో కంప్యూటర్లో గీసిన బొమ్మను నమ్మి పిల్లలు ఆశ పెంచుకోవడం నాకు బాధగా ఉంటుంది.

సరే, చెన్నైకి ఏమి రాదో ముందు చెబుతాను. నా వృత్తికి దగ్గరి సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకు మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 875 మూడో భాగం. దాంట్లో ఒక్కో ఊరికి ఒక మూల గాలివేగం ఇచ్చారు. బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు. హైదరాబాద్‌కు 44. చెన్నైకి 50. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 33కీ 50కీ తేడా కొంచెమేగా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే అంకెతో, పెరుగుతుంది. అంటే బిడదిలో నిలబెట్టిన అదే స్తంభాన్ని తెచ్చి ఇక్కడ నిలబెడితే దానిమీద రెండుంపావు రెట్లకు పైగా ఒత్తిడి పడుతుంది. 2016 డిసెంబర్‌లో వర్దా తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో వేల చెట్లు ఎలా కూలాయో మీరంతా చూశారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్. తుపాను రోజున రైడ్ ఎలాగూ నడవదు. ఖాళీగా నిలబడి ఉన్న ఆ ఉక్కు కట్టడం మాత్రం ఆ రాత్రంతా తట్టుకోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పెరుగుతుంది, పునాది మీద తిప్పే బలం ఇంకా వేగంగా పెరుగుతుంది. ఆ డబ్బంతా మట్టి కిందకి, కాంక్రీటులోకి పోతుంది. ఎవరికీ కనబడదు, ఎవరూ చప్పట్లు కొట్టరు.

సముద్రం మరీ దూరం కాదు కాబట్టి ఉప్పుగాలి ఉంది. బోల్టులు, కేబుళ్ళు, సెన్సర్లు, వీటిని తుప్పునుంచి కాపాడటం ఏడాది పొడుగునా పని. ఎండ సంగతి సరేసరి. కోస్టర్ చక్రాలకు పైపొర పాలీయురేథేన్‌తో ఉంటుంది, వేడెక్కితే మెత్తబడుతుంది. ఎండకి, బరువుకి తగ్గట్టు ఏ గట్టితనం ఉన్న చక్రం వాడాలో ఇంజనీర్లు ఎంచుకుంటారు. చక్రం మారితే అదే కోస్టర్ నడక మారిపోతుంది. ఇంక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనం. పిడుగులు, గాలివాన ఉంటే ఎత్తైన రైడ్లు ఆపేయక తప్పదు.

అందుకే ప్రపంచ రికార్డు ఎత్తు ఇక్కడికి రాదని నా గట్టి నమ్మకం. అమెరికాలో న్యూజెర్సీలోని కింగ్డా కా అనే కోస్టర్ 139 మీటర్ల ఎత్తుతో 2005లో వచ్చింది. 2024లో ఆపేశారు, 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇప్పుడు సౌదీలో ఖిద్దియా దగ్గర ఫాల్కన్స్ ఫ్లైట్ 195 మీటర్లతో కొండ అంచు నుంచి దూకుతోంది. చూడ్డానికి అద్భుతమే. కానీ దాన్ని కొండ మోస్తోంది, ఎడారి మోస్తోంది, ఆ దేశపు ఖజానా మోస్తోంది. మన తీరప్రాంతానికి ఆ పోటీ అక్కర్లేదు. ఆల్టన్ టవర్స్ వాళ్ళు చెట్లను చూసి రైడ్ గీశారు. మనం గాలినీ ఎండనీ వాననీ చూసి గీసుకోవాలి.

ఇంకో లెక్క, క్యూ లెక్క. పార్కు నడిపేవాళ్ళకు దీనికి మించిన లెక్క లేదు. హైదరాబాద్, బెంగళూరు వండర్‌లా పార్కుల్లో రీకాయిల్ అనే కోస్టర్ ఎక్కినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. అది బూమరాంగ్ రకం. బండి ముందుకు పోయి, అదే పట్టా మీద వెనక్కి వస్తుంది. బండి ఒకటే. అది తిరిగొచ్చి, జనం దిగి, మళ్ళీ జనం ఎక్కేదాకా మిగతావాళ్ళంతా నిలబడాల్సిందే. రెండో బండి పెట్టే వీలే లేదు. తంజోరా లాంటి పూర్తి చుట్టు కోస్టర్లో పట్టాని భాగాలుగా విడగొడతారు. బీచ్ నుంచి తాంబరం పోయే లోకల్ రైళ్ళకు సిగ్నళ్ళున్నట్టే, ముందు భాగం ఖాళీ అయితేనే వెనక బండి కదులుతుంది. అందుకని ఒకటి తిరుగుతుంటే ఇంకోదాంట్లో జనం ఎక్కవచ్చు. ఆదివారం నాడు క్యూ గంట దాటిందంటే, ఆ కుటుంబం ఆ గంట తిండి కొనదు, ఇంకో రైడ్ ఎక్కదు, ఇంటికెళ్ళి పొగడదు. పార్కుకు కొత్త రైడ్ కావాలంటే ముందు ఆ క్యూని పీల్చుకునేది కావాలి. జనాన్ని ఆకర్షించేది కావాలని అందరూ అనుకుంటారు. ఆకర్షించేది ఇప్పటికే ఉంది.

ఇప్పుడు బెంచీల దగ్గరకు పోదాం. తంజోరా బయట ఎవరు కూర్చుంటారు? ఎత్తు చాలని పిల్లలు, వాళ్ళను వదిలి వెళ్ళలేని అమ్మలు, బీపీ ఉన్న నాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు. పెద్ద కోస్టర్లకు చాలా పార్కుల్లో 130, 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. అది సరైన నిబంధనే, భద్రత కోసమే. కానీ పదేళ్ళ లోపు పిల్లలు చాలామంది ఆ గీత కింద ఆగిపోతారు. మన కుటుంబాలు పార్కుకి ఎలా వెళతాయి? బావగారి పిల్లలు, ఊరినుంచి వచ్చిన అత్తయ్య, అందరూ ఒకే వ్యానులో. తొమ్మిది మంది వెళితే పెద్ద కోస్టర్ ఎక్కేది ముగ్గురు. మిగతా ఆరుగురూ అదే టికెట్ కొన్నారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ ఆరుగురూ పొద్దుటినుంచి నవ్వుతూనే ఉంటారు, ఏమీ అడగరు.

అందుకని నా మొదటి అంచనా: తర్వాత రాబోయే కోస్టర్ కుటుంబ కోస్టర్. నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా కంపెనీ కాళ్ళు వేలాడే కోస్టర్లోనే చిన్న రకాన్ని ఎప్పటినుంచో చేస్తోంది. తలకిందులు చెయ్యదు, వేగం మితం. పెద్దవాళ్ళు పక్కనుంటే మీటరు ఎత్తున్న పిల్లలను కూడా చాలాచోట్ల ఎక్కనిస్తారు. బీ అండ్ ఎం కూడా ఈ దారి పట్టింది. 2024లో ఫ్లోరిడాలోని టాంపాలో బుష్ గార్డెన్స్ పార్కుకి ఫీనిక్స్ రైజింగ్ అని కుటుంబ రకం ఇన్వర్టెడ్ కోస్టర్ చేసింది. అంటే తంజోరా చేసిన చెయ్యే ఇప్పుడు చిన్నదీ చేస్తోంది. నాన్న భుజం పక్కన కూర్చుని మొదటిసారి కాళ్ళు గాల్లో ఊపిన పిల్ల రెండేళ్ళ తర్వాత తంజోరా గీత దాటుతుంది. పార్కుకి వ్యాపారం, పిల్లకి ధైర్యం.

రెండో అంచనా, నాకు ఇంకా ఇష్టమైనది: లోపలి రైడ్. నాలుగు గోడల మధ్య, ఏసీలో, చీకట్లో, బండి మెల్లగా కథలోంచి పోతుంది. డార్క్ రైడ్ అంటారు. మే నెల మధ్యాహ్నమూ నడుస్తుంది, నవంబర్ వానలోనూ నడుస్తుంది. గాలి దానిని ముట్టుకోదు. ఎత్తు నిబంధన దాదాపు ఉండదు. 1967లో డిస్నీ ఇంజనీర్లు ఆమ్నీమూవర్ అనే పద్ధతి తెచ్చారు. బండ్లు గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. జనం కదిలే పట్టీ మీద నడుస్తూ ఎక్కుతారు, అలాగే దిగుతారు. ఎక్కడా ఆగదు కాబట్టి గంటకు రెండు వేల మందికి పైగా పోవచ్చు. 2000లో టోక్యో డిస్నీలాండ్‌లో పట్టాలే లేకుండా తిరిగే బండ్లు వచ్చాయి, ఒక్కోటి ఒక్కో దారిన పోయి మళ్ళీ కలుస్తాయి. ఇరవై ఐదేళ్ళ కిందటి సాంకేతికత అది, మనకేమీ అందరానిది కాదు.

అడ్డంకి ఏమిటంటే కథ. కోస్టర్‌ని డబ్బు పెట్టి కొనొచ్చు, కథని కొనలేం. విదేశీ దెయ్యాల కొంపని తెచ్చి ఇక్కడ పెడితే ఐదు నిమిషాలు కేకలు వేసి మర్చిపోతాం. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కు ఉంది. 1952లో జానపద కథల అడవితో మొదలైంది. ఆంటన్ పీక్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల్లోంచి అడవినంతా కట్టారు. ఈరోజుకీ ఆ దేశపు తాతలు మనవళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తాము చిన్నప్పుడు చూసిన బొమ్మే చూపిస్తారు. పెద్ద కోస్టర్లూ అక్కడ ఉన్నాయి, కానీ ఆ పార్కు గుండె ఆ అడవే.

మన దగ్గర ఏముంది? తోలుబొమ్మలాట ఉంది. ఒక్కసారి ఊహించండి. చీకటి హాలు, రెండువైపులా ఎత్తైన తెరలు, తెరవెనక దీపం, మనిషంత ఎత్తు రంగుల తోలుబొమ్మలు. మన బండి ఆ తెరల మధ్యనుంచి పోతుంటే నీడలు చిన్నవై, పెద్దవై, మన తలమీదుగా దాటిపోతాయి. హనుమంతుడు ఈ తెరమీద చిన్నగా మొదలై అవతలి తెరకు వెళ్ళేసరికి కప్పంతా నిండిపోతాడు. చీకటి, వెలుగు, నీడ, కదలిక, ఇవే కదా డార్క్ రైడ్‌కి కావలసిన సరుకులు! మనవాళ్ళు ఊరి బయట పొలంలో రాత్రంతా అదే చేశారు. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తమిళనాట తోల్‌పావై కూత్తు ఉంది, కర్ణాటకలో తొగలు గొంబెయాట. ఈ పార్కుకి వచ్చే మూడు భాషల కుటుంబాలకీ ఇది సొంతమే. పేదరాశి పెద్దమ్మను పెట్టండి, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుణ్ణి పెట్టండి, అమ్మమ్మ పక్కన కూర్చుని "ఇప్పుడేమవుతుందో చూడు" అని మనవడికి ముందే చెప్పేస్తుంది. ఈ రైడ్ వస్తుందని నా దగ్గర ఆధారం లేదు. ఇది అంచనా కన్నా కోరిక. కానీ గాలి, ఎండ, వాన, క్యూ, బెంచీ, ఈ ఐదు లెక్కలూ ఇటువైపే చూపిస్తున్నాయి.

నీళ్ళ రైడ్ల గురించి తొందరగా చెప్పి ముగిస్తాను. 2019 జూన్‌లో ఈ నగరం నీళ్ళకోసం ఎలా అల్లాడిందో మర్చిపోలేం. చెంబరంబాక్కం, రెడ్ హిల్స్ ఎండిపోయాయి, కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్ళకోసం రోజూ ఎదురుచూశాం. వాటర్ పార్కుల్లో నీటిని శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ తిప్పుతారు, ఆవిరై పోయేదీ ఒంటిమీద పోయేదీ మాత్రమే కొత్తగా పొయ్యాలి. అయినా ఈ ఊళ్ళో మరో పెద్ద వేవ్ పూల్ కంటే, తక్కువ నీటితో పడవని మోటార్లతో పైకి కూడా నెట్టే వాటర్ కోస్టర్ వచ్చే అవకాశం ఎక్కువ.

భద్రత సంగతి చెప్పకుండా దిగిపోలేను. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ప్రాణాలు పోయాయి. 2015లో ఆల్టన్ టవర్స్‌లో, నేను ఇంతసేపు మెచ్చుకున్న ఆ పార్కులోనే, స్మైలర్ కోస్టర్ మీద బండి ఆగి ఉందని కంప్యూటర్ అడ్డుకుంటే, దాన్ని కాదని మనుషులు ఇంకో బండిని వదిలారు. ఇద్దరు అమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. పార్కు యాజమాన్యానికి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. కొత్త రైడ్ కట్టాక మనుషుల బదులు నీళ్ళు నింపిన బొమ్మలను కూర్చోబెట్టి రోజుల తరబడి తిప్పుతారు. బయటినుంచి చూసేవాళ్ళకు "తిరుగుతోందిగా, ఇంకా ఎందుకు తెరవరు?" అనిపిస్తుంది. దయచేసి ఆ ఒత్తిడి పెట్టకండి. రైడ్ ఏమిటని ఎంతైనా ఊహించుకోండి, తేదీ మాత్రం వాళ్ళకు వదిలెయ్యండి.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక అబ్బాయి: అంకుల్, లాంచ్ కోస్టర్ రాదా? ఒక్కసారిగా జుయ్‌మని పోయేది?)

రావచ్చు బాబూ. గొలుసుతో పైకి లాగే బదులు పట్టా వెంట విద్యుదయస్కాంతాలు పెట్టి బండిని నెడతారు. దానివల్ల ఒక లాభం ఉంది, పెద్ద ఎత్తు అక్కర్లేదు. నేలకు దగ్గరగానే వేగం వస్తుంది. నేను చెప్పిన గాలి లెక్కకు అది బాగా నప్పుతుంది. కష్టం కరెంటుతో. రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా చాలా ఎక్కువ విద్యుత్ కావాలి, మళ్ళీ నిమిషం దాకా అక్కర్లేదు. అందుకని ముందే శక్తిని నిల్వచేసే ఏర్పాటు ఉండాలి. ఎప్పుడైనా పార్కు చివర కొత్తగా ట్రాన్స్‌ఫార్మర్ల గది కడుతున్నట్టు కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి.

(ముందు వరుస నుంచి ఒక పెద్దావిడ: నాయనా, మోకాళ్ళు వంగని మాలాంటివాళ్ళం ఎక్కేది ఏదైనా వస్తుందా?)

పెద్దమ్మగారూ, ఇప్పుడున్న వాటిల్లో స్కై రైల్ మీకు సరిపోవచ్చు, కూర్చుని పార్కంతా పైనుంచి చూడొచ్చు. వెళ్ళినప్పుడు మెట్లున్నాయా, లిఫ్ట్ ఉందా అని గేటు దగ్గరే అడగండి. రాబోయేవాటి విషయంలో, పార్కునుంచి బయటికొచ్చేటప్పుడు అభిప్రాయం రాయమని అడుగుతారు కదా, అక్కడ 'బాగుంది' అని వదిలెయ్యకండి. మీ వయసు రాయండి, ఏ రైడ్ ఎక్కాలనుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో రాయండి. మెట్టు ఎత్తుగా ఉందనో, సీటు లోతుగా ఉందనో, పట్టుకోవడానికి కమ్మీ లేదనో. మీ ఇంట్లో ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది ఎక్కకుండా కూర్చున్నారు, అది కూడా. తెలుగులో రాసినా పర్వాలేదు, చదివించుకుంటారు. కొత్త రైడ్ డ్రాయింగు గీసే రోజున ఆ కాగితాలు టేబుల్ మీద ఉండాలి.